బలపం సగమే ఉందేం?

సంపాదకులకు,

మొన్న ఆదివారం మనవడిని తీసుకుని నగరంలోని ఒక మ్యూజియంలో పాతకాలం బడి ప్రదర్శనకు వెళ్లాను. చెక్క అంచు పలక, సిరాబుడ్డి, రేకుపెట్టె, గంటగా కొట్టే రైలుపట్టా ముక్క. పలక అంచు మీద ఎవరో మేకుతో గీసుకున్న అక్షరం ఇంకా చెరగలేదు. బలపం సగమే ఉందేం తాతా అన్నాడు. మిగతాది తినేసుంటారురా అంటే నమ్మడే!

వివరాల బోర్డులు మాత్రం అన్నీ ఇంగ్లీషే. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ ఉర్దూలో చదువుకున్న ఆ తరం గురించి అక్కడ ఒక్క ముక్క లేదు. తెలుగు, ఉర్దూ బోర్డులు కూడా పెట్టాలి. నాలుగు పలకలు పిల్లల చేతికివ్వండి, విరిగితే విరుగుతాయి.

– ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్