శీనూ, ముందు మళ్ల లెక్క తేల్చుకో

ఒరేయ్ శీనూ,

వరి మీద నత్రజని మోతాదుల ప్రయోగం వేస్తున్నావంటే చాలా సంతోషం. నువ్వు పంపిన ప్లాను చూశాను. నాలుగు మోతాదులకి నాలుగు పెద్ద మళ్లు, ఒక్కో మడిలో ఐదు చోట్ల కోత, పక్కన "ఐదు రెప్లికేషన్లు" అని రాశావు. రెప్లికేషనంటే ఒకే మోతాదుని వేరే మడిలో మళ్లీ వెయ్యడం. అవి ఐదు కావురా, ఒక్కటే. ఆ మోతాదు పడింది ఒక్క మడికే కదా. ఆ మడి పల్లంలో ఉందనుకో, ఐదు చోట్లా పైరు ఏపుగానే ఉంటుంది. అది యూరియా చలవో, పల్లం చలవో ఎలా తేలుస్తావు? యాభై చోట్ల కోసినా తేలదు.

అందుకని 5 మీటర్లకి 4 మీటర్ల చిన్న మళ్లు ఇరవై చెయ్యి. బోదె నుంచి దూరం పోయేకొద్దీ నేల మారుతుంది కాబట్టి, బోదెకి ఒకే దూరంలో ఉన్న నాలుగు మళ్లూ ఒక బ్లాకు. అలాంటివి ఐదు. ప్రతి బ్లాకులోనూ నాలుగు మోతాదులూ పడాలి: హెక్టారుకి 0, 60, 120, 180 కిలోల నత్రజని. సున్నా మడి దండగ అనుకోకు, అదే కంట్రోలు. అది లేకపోతే నేల తనంతట తాను ఎంత ఇచ్చిందో తెలియదు.

ఏ మడికి ఏ మోతాదన్నది చీటీలు తీసే తేల్చు, ప్రతి బ్లాకుకీ విడిగా. మనసుకి తోచినట్టు పంచితే మనకి తెలియకుండానే చెయ్యి మంచి మడి వైపు పోతుంది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో పొలం ప్రయోగాల లెక్కలు చూస్తూ గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1920లలో పట్టుబట్టింది దీనికోసమే. మీ కాలేజీలో ఆర్‌బీడీ (రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్) అనేది ఇదే. స్వేచ్ఛాంశాలు, అంటే లెక్కలో స్వేచ్ఛగా మారగలిగే విలువలు, మొత్తం 19 (ఇరవై మళ్లకి ఒకటి తక్కువ): బ్లాకులకి 4, మోతాదులకి 3 పోగా దోషానికి, అంటే బ్లాకుకీ మోతాదుకీ చెందని తేడాలకి, 12 మిగులుతాయి. అంతకన్నా తగ్గనివ్వకు.

ఇక్కడ స్వతంత్ర చరం నత్రజని, పరతంత్ర చరం దిగుబడి. విత్తనం, నాటిన రోజు, భాస్వరం, పొటాష్ అన్ని మళ్లకీ ఒకటే. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి 120 కిలోల మోతాదుకి మడికి 522 గ్రాములు పడుతుంది. మూడు దఫాలుగా 174 గ్రాముల చొప్పున తూచి చల్లు. గట్లు గట్టిగా వేసి, ప్రతి మడికీ నీరు విడిగా పెట్టు. మడి నుంచి మడికి నీరు పారితే దాంతో యూరియా కూడా పోతుంది, ఇక సున్నా మడి సున్నాగా ఉండదు.

కోతప్పుడు చుట్టూ అర మీటరు వదిలెయ్. గట్టు పక్క దుబ్బులకి వెలుతురు ఎక్కువ, అవి లెక్క పాడుచేస్తాయి. మిగిలిన 12 చదరపు మీటర్ల ధాన్యం తూచి, తేమని 14 శాతానికి సరిచెయ్యి. 20 శాతం తేమతో 7.2 కిలోలు తూగితే, దాన్ని 80తో గుణించి 86తో భాగించు, 6.7 కిలోలు వస్తుంది.

శూన్య పరికల్పన ఇప్పుడే కాగితం మీద పెట్టు: "మోతాదు మారినా సగటు దిగుబడి మారదు." 5 శాతం హద్దు కూడా ఇప్పుడే. పి విలువ 0.05 కన్నా తగ్గితే మన మాట 95 శాతం నిజమని కాదురా. మోతాదుల మధ్య అసలు తేడాయే లేకపోతే, ఇంత తేడా గానీ ఇంతకన్నా ఎక్కువ గానీ ఊరికే నూటికి ఐదుసార్ల కన్నా తక్కువగా కనబడుతుందని. ఎఫ్ పరీక్షలో (మోతాదుల మధ్య తేడా దోషం కన్నా ఎంత పెద్దదో చూసేది) తేడా తేలకపోతే సీడీ (క్రిటికల్ డిఫరెన్స్, రెండు సగటులు వేరని చెప్పడానికి ఉండాల్సిన కనీస తేడా) పట్టుకుని మోతాదులకి ర్యాంకులు ఇవ్వకు.

నారు పోసేలోపు చీటీలు తీసి, మళ్ల పటం గీసి పంపు. బోదె ఎటుందో అందులో గుర్తు పెట్టడం మర్చిపోకు.

నీ
రఘు