కన్సర్వేటివ్ అంటే ఛాందసుడు కాదండీ

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ చదువుల పేజీలో, పోటీ పరీక్షలు రాసేవాళ్ల కోసం రాజకీయ సిద్ధాంతాల పట్టిక ఒకటి వేశారు. ఉదారవాదానికి ఆరు లైన్లు, సామ్యవాదానికి ఎనిమిది లైన్లు ఇచ్చారు. కన్సర్వేటిజం దగ్గరికొచ్చేసరికి ఒక్క లైనుతో సరిపెట్టారు: 'ఛాందసవాదం - మార్పును వ్యతిరేకించేది'. ఇరవై తొమ్మిదేళ్లు ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

మా ఇంటి పై పోర్షన్‌లో ముగ్గురు అమ్మాయిలు అద్దెకుంటున్నారు. బ్రాడీపేటలో ఇది మామూలే, ఏ అడ్డరోడ్డులోకి తిరిగినా పైన హాస్టలు, కింద జిరాక్సు షాపు. ఆ ముగ్గురిలో ఒకమ్మాయిది మాచర్ల వైపు, మిరప పండించే ఇల్లు. గ్రూప్-1కి చదువుతోంది. మీ పట్టిక కత్తిరించి నోట్సులో అంటించుకుని కిందికి తెచ్చింది.

"సార్, ఇంతేనా? అయితే మా నానమ్మ కూడా కన్సర్వేటివేనా?" అంది.

ఎందుకమ్మా అలా అనుకున్నావ్ అంటే చెప్పుకొచ్చింది. షాపువాడు ఎంత గొప్ప విత్తనమని ఊదరగొట్టినా, సాక్షాత్తూ లాం ఫారం (గుంటూరు పక్కనున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం) వాళ్లే ఇచ్చారన్నా సరే, ఆ పెద్దావిడ మొదటి ఏడు పది సెంట్లకు మించి వేయనివ్వదట. "మన నేలకి పడుద్దో లేదో కాయ చేతికొచ్చాక చూద్దాంలేరా" అంటుందట. బాగా కాస్తే పై ఏడు ఎకరం. ఒకసారి వాళ్ల నాన్న ఆ మాట పెడచెవిన పెట్టి, ఉన్న మూడెకరాల్లోనూ కొత్త రకమే వేశాడు. ముడత తెగులు తగిలి చేను చేనంతా గిడసబారిపోయింది. ఆ అప్పు తీరడానికి మూడేళ్లు పట్టిందట.

"మీ నానమ్మ కొత్త విత్తనం వద్దనలేదుగా. ముందు పది సెంట్లలో వేసి చూడమంది. నువ్వు రాయాల్సిన జవాబు అందులోనే ఉంది" అన్నాను.

అయ్యా, ఈ ఆలోచనకు ఆద్యుడని అందరూ చెప్పే ఎడ్మండ్ బర్క్ సంగతి చూడండి. 1729లో డబ్లిన్‌లో పుట్టిన ఐరిష్‌వాడు. బ్రిటిష్ పార్లమెంటులో కూర్చున్నది రాజు అధికారాన్ని వెనకేసుకొచ్చే టోరీల వైపు కాదు, దాన్ని అదుపులో పెట్టాలనే విగ్ పక్షం వైపు. అమెరికా వలసల మీద పన్నులు వేయొద్దని వాళ్ల తరఫున వాదించాడు. మన దేశంలో ఈస్టిండియా కంపెనీ సాగించిన దోపిడీకి దాని గవర్నర్ జనరల్‌గా చేసిన వారన్ హేస్టింగ్స్‌ను బోనెక్కించి, 1788 నుంచి 1795 దాకా ఏళ్ల తరబడి విచారణ నడిపించాడు (చివరికి హేస్టింగ్స్ నిర్దోషిగా బయటపడ్డాడనుకోండి). ఇలాంటి మనిషిని మన పట్టికలో ఏ గడిలో పెడతారు?

ఆయన భయమల్లా ఫ్రాన్స్ విప్లవం తీరు చూసే. 1790లోనే పుస్తకం రాశాడు. అప్పటికింకా రాజు తల తెగలేదు, తలలు నరికే యంత్రం గిలెటిన్ రాజ్యం మొదలవలేదు. పాత కట్టుబాట్లన్నీ ఒక్కసారిగా పెరికేసి, కాగితం మీద గీసుకున్న కొత్త సమాజాన్ని దించాలని చూస్తే, చివరికి సైన్యాన్ని మెప్పించిన ఒక సేనాధిపతి వచ్చి అందరి నెత్తినా కూర్చుంటాడని అందులో హెచ్చరించాడు. 1797లో ఆయన పోయాడు, 1799లో నెపోలియన్ వచ్చాడు. ఇదేమీ జోస్యం కాదు. ఒక్క తరంలోని తెలివిగలవాళ్లందరి బుర్రలూ కలిపినా తరతరాల అనుభవానికి సాటిరావన్నది ఆయన నమ్మకం, ఆ నమ్మకం నుంచి తీసిన లెక్క అది. సమాజమంటే బతికున్నవాళ్ల సొత్తు మాత్రమే కాదు, పోయినవాళ్లకూ పుట్టబోయేవాళ్లకూ అందులో వాటా ఉందన్నాడు. అదే పుస్తకంలో ఇంకో మాట కూడా అన్నాడు: మారే దారి లేని రాజ్యానికి తనను తాను నిలుపుకునే దారి కూడా ఉండదని. మరి 'మార్పును వ్యతిరేకించేది' అని ఎలా వేశారు?

ఆ తర్వాతి చరిత్రంతా ఈ లేఖలో పట్టదు గానీ, రెండు మూడు మలుపులైనా చెప్పకపోతే పట్టిక మళ్లీ తప్పే అవుతుంది. టోరీలు కన్సర్వేటివులుగా పేరు మార్చుకున్నది 1830లలో. 1834లో వాళ్ల ప్రధాని రాబర్ట్ పీల్ తన నియోజకవర్గానికి రాసిన ప్రకటనలో, అవసరమని తేలిన సంస్కరణకు మేం అడ్డురామని ఒప్పుకున్నాడు. 1846లో ధాన్యం దిగుమతి సుంకాలు ఎత్తేసి సొంత పార్టీనే రెండుగా చీల్చుకున్నాడు. పట్నాల్లో పనిచేసే కార్మికుల్లో చాలామందికి ఓటు వచ్చింది 1867లో, అదే పార్టీ నాయకుడు డిజ్రాయిలీ నడిపిన బిల్లుతో. జర్మనీలో కార్మికులకు ఆరోగ్య బీమా తెచ్చింది 1883లో ఆ దేశ చాన్సలర్ బిస్మార్క్, సోషలిస్టులంటే ఒళ్లు మండే బిస్మార్క్! మన ఈఎస్ఐ కార్డుకు ఆయన్ను ముత్తాత అనొచ్చు. కొంచెం వదులుకుని ఎక్కువ నిలబెట్టుకోవడం వాళ్ల ఎత్తుగడ. దయాధర్మం అని నేననను.

ఇక 1979లో బ్రిటన్‌లో గెలిచి ప్రధాని అయిన మార్గరెట్ థాచర్‌ది అదే పార్టీ పేరు, దారి మాత్రం వేరు. మార్కెట్‌కు అడ్డొచ్చిన ప్రతిదాన్నీ తొలగించాలన్నారు. బొగ్గు గనులు మూతపడి, వాటినే నమ్ముకుని తరాలుగా బతికిన ఊళ్లకు ఊళ్లే చెదిరిపోయాయి. బర్క్ చూస్తే ఏమనేవాడోనని నాకు ఎప్పుడూ సందేహమే. ఆవిడ గౌరవించిన ఆర్థికవేత్త హాయెక్ అయితే తాను కన్సర్వేటివ్‌ను కానని 1960లోనే వ్యాసం రాసి మరీ చెప్పుకున్నాడు. మార్కెట్‌ను మొక్కేవాడినీ, పాత పద్ధతిని కాపాడేవాడినీ ఒకే గాటన కట్టేయడం మన టీవీ చర్చల్లో రోజూ చూస్తున్నాం.

ఇదంతా పరాయి దేశాల గొడవ, మనకెందుకు అంటారేమో. రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా గారిది మా జిల్లా నిడుబ్రోలే కదండీ. లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం బోర్డు మీద ఆయన పేరు చూడని పిల్లాడు గుంటూరులో ఉండడు. ఆయన స్వతంత్ర పార్టీ అధ్యక్షుడని తెలిసినవాళ్లు మాత్రం అక్కడి బస్టాపులో నిలబడ్డ పదిమందిలో ఒక్కరుంటే గొప్ప.

1959 జనవరిలో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం ఉమ్మడి సహకార వ్యవసాయానికి తీర్మానం చేసింది. రైతు చేతిలోని చెక్కను తీసి ఉమ్మడిలో కలిపితే రైతే మిగలడని రంగా గారు తిరగబడ్డారు. అదే ఏడు రాజాజీ, మినూ మసానీలతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. 1962లో లోక్‌సభలో 18 స్థానాలు, 1967లో 44. ఆ సభలో ప్రతిపక్షాల్లో అదే పెద్దది. 1974కల్లా పార్టీయే లేకుండా పోయి భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది.

రంగా గారు 1930లలో జమీందార్లకు ఎదురునిలిచి రైతులను కూడగట్టిన మనిషి. స్వతంత్రలోకి వచ్చేసరికి పక్క కుర్చీల్లో మాజీ సంస్థానాధీశులున్నారు. సొంత ఎకరం కాపాడుకునే రైతుకూ, పోయిన పరగణా కోసం బెంగపడే రాజావారికీ ఒకే జెండా ఎలా సరిపోయింది? నా మటుకు నాకు ఆ పార్టీ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఇదే. అయినా ఉమ్మడి సాగు విషయంలో రైతు భయానికి గొంతు ఇచ్చింది వాళ్లే. మీ పట్టిక చూసి చదువుకున్న పిల్ల, నిడుబ్రోలు రైతుబిడ్డను కూడా ఛాందసుల లెక్కలో వేసుకుంటుంది.

ఇంతవరకూ నేను చెప్పింది వింటూ రాసుకున్న ఆ అమ్మాయి, మెట్ల దాకా వెళ్లి ఆగింది.

"కానీ సార్, అదే నానమ్మ కూలికొచ్చినవాళ్లకి గ్లాసు విడిగా పెడుతుంది. గోడ మీద బోర్లించి ఉంటుంది. ఎందుకంటే, మా అత్తగారి కాలం నుంచీ అంతే అంటుంది."

వెంటనే నాకు మాట రాలేదు. ఇన్నేళ్లు పాఠం చెప్పాను, ఈ సిద్ధాంతానికి ఇంత సూటి ప్రశ్న నా క్లాసులో ఎవరూ వేయలేదు. పది సెంట్లలో వేసి చూడమన్న జాగ్రత్తా, గోడ మీది గ్లాసూ ఒకే నోటి నుంచి, ఒకే కారణంతో వస్తున్నాయి. బర్క్ కాలంలోనే, విప్లవం వైపు నిలిచిన రచయిత థామస్ పెయిన్ దీన్ని పట్టుకున్నాడు. ఈకలు పాడయ్యాయని ఏడ్చి, చస్తున్న పక్షిని మరిచిపోయాడని బర్క్‌ను ఎత్తిపొడిచాడు. మనకైతే అంబేద్కర్ ఉన్నారు. 1948 నవంబరులో రాజ్యాంగ సభలో, గ్రామమంటే సంకుచితత్వానికీ అజ్ఞానానికీ నిలయం తప్ప ఇంకేమిటని నిలదీశారు. ఆ గ్లాసును నానమ్మల అనుభవానికి వదిలేసి ఉంటే ఇంకో వెయ్యేళ్లయినా కదిలేది కాదు. దాన్ని నేరం అన్నది చట్టం, అదీ ఒక్క కలం పోటుతో. విత్తనం తేడా కొడితే నష్టపోయేది వేసినవాడు. గ్లాసు విషయంలో నష్టం ఒకరిది, జాగ్రత్త ఇంకొకరిది. ఈ తేడా అడగకుండా 'పెద్దలు పెట్టింది' అని మొత్తం మోసుకురావడంలో కన్సర్వేటివులు చాలాసార్లు తప్పు చేశారు, ఇప్పటికీ చేస్తున్నారు.

ఆ మాట కూడా రాసుకోమన్నాను. పరీక్షలో 'విమర్శనాత్మకంగా పరిశీలించండి' అని అడిగితే అదే కదా కావాలి.

నా మనవి చిన్నది. 'ఛాందసవాదం' అన్న మాట ఆ గడిలోంచి తీసేయండి. 'సంప్రదాయవాదం' అన్నా పూర్తిగా అతకదు, గుడీ పూజా గుర్తొస్తాయి. కన్సర్వేటిజం అని తెలుగు లిపిలో వేసేసినా నష్టం లేదు, జనం రైలునీ రోడ్డునీ అలాగే వాడుకుంటున్నారు. ఆ గడికి ఇంకో అయిదు లైన్లు ఇప్పించండి. వచ్చే వారం పేజీలో సవరణ వేస్తే మరీ మంచిది. ఆ అమ్మాయి మీ కటింగ్ పక్కన నోట్సులో సగం పేజీ ఖాళీగా వదిలి ఉంచింది.

భవదీయుడు,
ఒక విశ్రాంత సివిక్స్ లెక్చరర్,
బ్రాడీపేట, గుంటూరు