ఉదయపు నడకకు వెళ్లే సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. తెల్లవారుజామున నడకకు వెళ్లే మహిళలు మెడలోని గొలుసు కనిపించకుండా కొంగో చున్నీయో నిండుగా కప్పుకుని, వాహనాలు ఎదురుగా వచ్చే వైపునే నడవాలని మనవి. చిరునామా అడుగుతూ బండి ఆపినవారికి రెండు బారల దూరం నుంచే సమాధానం చెప్పండి. దొంగ గొలుసు లాగినప్పుడు దాన్ని పట్టుకుని పెనుగులాడితే మెడ కోసుకుపోవడమో, కిందపడి తలకు దెబ్బ తగలడమో జరుగుతుంది కాబట్టి, బంగారం పోయినా సరే వదిలేసి, గట్టిగా కేకలు వేసి, బండి రంగు, నంబరులోని చివరి అంకెలు గుర్తుపెట్టుకుని వెంటనే 112కు ఫోన్ చేయాలి. నేరాలు, శిక్షల చట్టమైన భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు గల సెక్షన్లు మనకు ఆత్మరక్షణ హక్కునిస్తున్నా, అవసరానికి మించి గాయపరచడానికి అది వర్తించదు. దొరికిన దొంగను చితకబాదితే కేసు మన మెడకే చుట్టుకుంటుంది. కారప్పొడి వెంట ఉంచుకోవడం నాకంతగా నచ్చదు, ఎదురుగాలి వీస్తే మన కళ్లలోనే పడుతుంది. చేతికి తాడుతో కట్టుకున్న ఈల మేలు.