చెనక్కాయ (వేరుశనగ) రైతుల సంఘం – వార్షిక నివేదిక: పురుగు, నేల, గట్టు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనిలో ఎక్కువ భాగం విత్తనం నేలలో పడకముందే జరిగింది. వర్షాధారపు ఎర్రనేలలో చెనక్కాయకు పురుగు కనపడ్డాక కొట్టే మందు సగానికి సగం దండగ. అందుకే ఈసారి సమావేశాలన్నీ వేసవిలోనే పెట్టుకున్నాం.

కాండం కుళ్లు వైరస్ గురించి

2000 ఖరీఫ్‌లో మన అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల చెనక్కాయ ఈ తెగులుకు దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. ఆ ఏడాది చూసినవాళ్లు మనలో ఇంకా ఉన్నారు, కానీ గట్ల మీద వయ్యారిభామ కలుపును చూసీ చూడనట్టు పోయేవాళ్లు అంతకన్నా ఎక్కువ. వైరస్ ఉండేది ఆ మొక్క పుప్పొడిలో. తామర పురుగులు (కంటికి ఆనీ ఆనని సన్న పురుగులు) పుప్పొడిని ఒంటికి అంటించుకొని గాలివాటున చేలోకి వస్తాయి. లేత ఆకును గీరి రసం పీల్చేటప్పుడు ఆ గాయంలోంచి వైరస్ మొక్కలోకి దిగుతుంది. ముందు లేతాకుల మీద మచ్చలు, తర్వాత మొవ్వు ఎండడం, చివరికి మొక్కే చావడం. సోకిన మొక్కకు మందు లేదు.

అందుకని పని మూడు చోట్ల జరగాలి. వయ్యారిభామను పూత రాకముందే పీకాలి, అదీ చేలోనే కాదు, గట్టు, బాట, బీడు అన్నీ. చేను చుట్టూ కంచె పంటగా నాలుగు సాళ్ల జొన్న లేదా సజ్జ వేయాలి. విత్తనానికి కిలోకు 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. పురుగు మందు పట్టించాలి. కంచె పంట ఒక్క సాలే వేసినవాళ్లకు, చెనక్కాయ మొలిచాక తీరిగ్గా వేసినవాళ్లకు దానివల్ల ఒరిగింది తక్కువే. జొన్న ఎత్తు పెరిగి అడ్డం నిలవకపోతే పురుగు దాని మీదుగా ఎగిరి వస్తుంది.

విత్తనశుద్ధిలో వరస తప్పకూడదు. ముందు తెగులు మందు (మాంకోజెబ్ అయితే కిలోకు 3 గ్రాములు), తర్వాత ఇమిడాక్లోప్రిడ్, నీడలో ఆరాక చివరగా తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి 10 గ్రాములు. చేతులతో గట్టిగా రుద్దితే పప్పు మీది పొర లేచిపోయి మొలక దెబ్బతింటుంది. పట్ట మీద పోసి ఇద్దరు అటూ ఇటూ దొర్లించడమే మేలు. ట్రైకోడెర్మా కొనేటప్పుడు గడువు తేదీ చూసుకోండి. ఈసారి ఒక అంగడిలో కొన్న ప్యాకెట్లు గడువు దాటినవి, వెనక్కి ఇచ్చేశాం. గడువు లోపు ప్యాకెట్ అయినా ఎండలో పెట్టి అమ్మితే అందులో ప్రాణమున్న శిలీంధ్రం మిగలదు.

ఎర్ర గొంగళి పురుగు

తొలి వానలు పడ్డాక సాయంత్రం నేలలోంచి దీని తల్లి రెక్కల పురుగులు లేస్తాయి. ఆ రాత్రుల్లో 7 నుంచి 10 గంటల దాకా మంటలు వేయాలి. ఒక్కరు వేస్తే పక్క చేల పురుగులన్నీ ఆయన చేలోకే వస్తాయి. ఊరంతా ఒకే రాత్రి వేయాల్సిన పని ఇది. గుడ్ల సముదాయాలు, గుంపుగా ఉన్న చిన్న పురుగులు దొరికితే ఆకుతో సహా ఏరేయాలి. ఒంటి నిండా వెంట్రుకలు వచ్చిన పెద్ద పురుగుకు మందు అంతగా పట్టదు. అవి చేను మారకుండా చుట్టూ జానెడుకు పైగా లోతు కాలువ తీస్తే అందులో పడతాయి.

వేసవి దుక్కితో చేలో ఉన్న కోశాలు (మట్టిలో నిద్రావస్థలో ఉన్న పురుగులు) బయటపడి ఎండకు, పక్షులకు పోతాయి. అయితే ఎక్కువ కోశాలుండేది గట్ల వెంట, చెట్ల నీడన. ట్రాక్టరు అక్కడికి పోదు. పారతో తవ్వాల్సిందే.

లద్దె పురుగు కోసం ఆముదం ఎర పంటగా బాగానే పనిచేస్తుంది, వారానికోసారి పోయి గుడ్లున్న ఆకులు, జల్లెడ పడిన ఆకులు తెంపితేనే. వేసి వదిలేస్తే అది పురుగుకు పుట్టిల్లు. లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఎరతో మగ పురుగుల్ని పట్టేవి) ఎకరాకు నాలుగు పెట్టుకున్నాం. అవి పురుగు రాకడను తెలుసుకోవడానికే, చంపడానికి కాదు. ఎర పాతబడితే బుట్ట ఖాళీగా ఉంటుంది, పురుగు లేదనుకొని మోసపోతాం.

నేల

మట్టి నమూనా ఎకరాకు 8–10 చోట్ల ‘వి’ ఆకారంలో జానెడు లోతు తవ్వి తీయాలి. దిబ్బ వేసిన చోటు, గట్టు పక్క, చెట్టు కింద వద్దు. ఎరువు సంచుల్లో తెస్తే ఫలితం తప్పొస్తుంది.

కాల్షియం ఇచ్చే జిప్సం ఎకరాకు 200 కిలోలు ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగే దశలో, నేలలో పదునున్నప్పుడే వేయండి. ఆకులకు అందిన కాల్షియం కాయకు దిగిరాదు, కాయే నేరుగా మట్టిలోంచి తీసుకుంటుంది. అందుకే మొక్క మొదట్లో పడాలి, పైన మట్టి ఎగదోయాలి. విత్తిన 45 రోజులు దాటాక గుంటక తోలితే ఊడలు కదిలిపోతాయి. తాలు కాయలకు విత్తనాన్ని తిట్టేముందు ఈ రెండూ చూసుకోండి.

ఏడు సాళ్ల చెనక్కాయకు ఒక కంది సాలు పద్ధతిని వదలొద్దని సంఘం గట్టిగా చెబుతోంది. వాన మధ్యలో మొహం చాటేసినా కంది నిలబడుతుంది, రాలిన ఆకు నేలకే చేరుతుంది. గొర్రెల మంద కట్టించుకునేవాళ్లు తగ్గుతున్నారు. ఆ పేడా మూత్రం ఉన్న చోటే నేలకు అందుతాయి, బండి కిరాయి ఉండదు. మంద తోలిన వెంటనే పైపైన దున్నకపోతే మాత్రం ఎండకు సారం ఆవిరైపోతుంది.

చేలో టి ఆకారపు కట్టెలు ఎకరాకు పది నాటితే ఏట్రింతలు, గోరువంకలు వాలి పురుగుల్ని ఏరుతాయి. అక్షింతల పురుగు, సాలీడు కనపడిన చేలో పేనుబంకను చూసి కంగారుపడి మందు కొట్టకండి.

వేప కషాయం

5 శాతం కషాయానికి ఎకరాకు 10 కిలోల వేపగింజల పొడి కావాలి. మూటకట్టి రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి, వడగట్టి 200 లీటర్లు చేసుకోవాలి. 200 గ్రాముల సబ్బుపొడి కలపకపోతే ఆకు మీద నిలవదు. సాయంత్రమే కొట్టాలి, ఎండకు గుణం పోతుంది. నిరుడు చాలామంది కషాయం పనిచేయలేదన్నారు. మేము చూసిన గింజలు ప్లాస్టిక్ సంచుల్లో బూజు పట్టినవి. జూన్, జులైలో పండు రాలగానే ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి గోనె సంచుల్లో పోయండి. వచ్చే సీజనుకు గోనె సంచులు సంఘమే ఇస్తుంది, గింజలు ఎవరికి వారే ఏరుకోవాలి.