నోరు దురద అన్న పిల్ల మాట నమ్మండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది మదనపల్లి. పన్నెండేళ్ళుగా బెంగళూరులో, బానసవాడి దగ్గర ఉంటున్నాం. మా పాప నాలుగో తరగతి. వాళ్ళ బడిలో పదిన్నరకు పళ్ళ బ్రేక్ అని ఒకటుంది. చిప్సూ బిస్కెట్లూ తేకూడదు. పండో, కూరగాయ ముక్కలో తేవాలి, అదీ పచ్చివే. ఉద్దేశం మంచిదే, నేనూ మొదట్లో సంతోషించినదాన్నే. కానీ పాప డబ్బాలో పెట్టిన కీరా ముక్కలు, కర్బూజా ముక్కలు సగానికి సగం తిరిగొచ్చేవి. ఎందుకే అని అడిగితే "నోరంతా దురదమ్మా, గొంతులో చీమలు పాకినట్టుంటుంది" అనేది. వంకలు పెడుతోందనుకున్నాను. ఒకరోజు కసిరి, ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ తినిపించాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు.

బడిలోనూ అదే జరిగింది. డబ్బా ఖాళీ అయితే గానీ బెంచీ మీంచి లేవనివ్వలేదు. ఎలాగో మింగేసి ఆటల పీరియడ్‌కి పరుగెత్తింది. పావుగంటలో పెదాలు వాచాయి, మెడ మీద దద్దుర్లు తేలాయి. ఫోనొస్తే ఆఫీసు నుంచి ఆటోలో వెళ్ళాను. సిక్ రూములో మంచం అంచున కూర్చునుంది. కింది పెదవి రెండింతలైంది, చేతిలో గ్లాసుడు నీళ్ళు, ఒక్క గుక్కా తాగలేదు. నన్ను చూడగానే అన్న మొదటి మాట, "నేను అబద్ధం చెప్పలేదమ్మా."

ఆ మాట పట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

తర్వాత ఎలర్జీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్షకు వారం ముందే సిట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్రలు ఆపమన్నారు, అవి ఒంట్లో ఉంటే ఫలితం తేలదట. మీ ఇంట్లో తినే కీరానే, కర్బూజానే తీసుకురండి అన్నారు. పాప ముంజేతి మీద పెన్నుతో గీతలు గీసి, ఒక్కో గీత పక్కన ఒక్కో పుప్పొడి మందు చుక్క వేసి, సన్నని సూదితో పైపైన గుచ్చారు. కీరాకు మాత్రం ముందు ముక్కలో గుచ్చి, అదే సూదిని చర్మానికి తాకించారు. పదిహేను నిమిషాలు గోకకుండా కూర్చోమంటే పాప రెండో చేత్తో నా కొంగు గట్టిగా పట్టుకుంది. ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడి గీత దగ్గర, కీరా గుచ్చిన చోట, కర్బూజా గుచ్చిన చోట దోమ కుట్టినట్టు బుడిపెలు లేచాయి. డాక్టరు గారు స్కేలు పెట్టి కొలిచి రాసుకున్నారు.

విషయం ఏమిటంటే, కొన్ని మొక్కల పుప్పొడిలో ఉండే ప్రోటీన్లను పోలిన ప్రోటీన్లే కొన్ని పచ్చి పళ్ళలో, కూరగాయల్లో ఉంటాయి. పుప్పొడిని శత్రువుగా గుర్తుపెట్టుకుని కాపు కాస్తున్న ఒంటి రక్షణ వ్యవస్థ, ఆ పండు నోట్లో పడగానే శత్రువే వచ్చిందనుకుని ఎదురు తిరుగుతుంది. దురద, చిరుమంట, వాపు నోట్లోనే మొదలవుతాయి. చాలామందికి అరగంటా గంటలో అవే తగ్గిపోతాయి. ఐరోపాలో బర్చ్ చెట్టు పుప్పొడి పడనివాళ్ళకు పచ్చి ఆపిల్, క్యారెట్, పీచ్ పడవు. అమెరికాలో రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి పడనివాళ్ళకు కర్బూజా, పుచ్చకాయ, కీరా, అరటి ఇబ్బంది పెడతాయి. ఆ రాగ్‌వీడ్‌కు మన వయ్యారిభామ దగ్గరి చుట్టమే. రెండింటి పుప్పొడీ ఒంటికి ఒకేలా కనిపించే వాళ్ళున్నారని పరిశోధనల్లో తేలింది.

ఈ ప్రోటీన్లు చాలావరకు వేడికి తట్టుకోలేవు. అందుకే దోసకాయ పప్పు అడిగి మళ్ళీ వేయించుకునే పిల్ల, మా అమ్మ చేసే పచ్చి దోసకాయ ముక్కల పచ్చడిని ఒక్క ముద్దతో పక్కన పెట్టేది. మేము నమ్మకపోవడానికి అసలు కారణం అదే. పప్పులో పడేది పచ్చడిలో ఎందుకు పడదు అనుకున్నాం. అయితే ఉడికిస్తే అన్నీ అందరికీ పడతాయనీ కాదు. పీచ్ లాంటి కొన్ని పళ్ళలో వేడికి లొంగని ప్రోటీన్లూ ఉంటాయి, వేరుశనగ సంగతి పూర్తిగా వేరు. ఎవరికి వాళ్ళు డాక్టరు దగ్గర తేల్చుకోవలసిందే.

అందరూ మొదట చెప్పేది మందులు కొట్టిన కాయలని. మా అమ్మ పెరట్లో పందిరికి కాసిన కీరా తిన్నా పాపకు అదే దురద. ఆ ప్రోటీను కాయలోనే ఉంది, ఉప్పునీళ్ళలో ఎంతసేపు నానబెట్టినా పోయేది కాదు. మరికొందరు కంద దురద లాంటిదే అన్నారు. అదీ కాదు. కందలో, చేమలో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుంటాయి. అవి ఎవరి నోటికైనా గుచ్చుకుంటాయి, అందుకే మన వాళ్ళు చింతపండు వేసి బాగా ఉడికిస్తారు. పాపది అలా కాదు, ఇరవైమంది హాయిగా తినే ముక్క ఒక్కరికే పడకపోవడం.

నిజానికి ఇలాంటివాటికి మన భాషలో ఎప్పటినుంచో ఓ మాట ఉంది. "నాకు వంకాయ పడదు" అని ఇంటికొకరైనా అంటారు. మైసూరు పరిశోధకులు వంకాయ ఎలర్జీ మీద 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఆ ఇబ్బంది ఆడవాళ్ళలో ఎక్కువగా కనిపించింది. పెద్దవాళ్ళు పడదంటే విస్తట్లో పక్కన పెట్టుకోనిస్తాం. అదే మాట తొమ్మిదేళ్ళ పిల్ల అంటే మొండితనం అంటాం.

బడి యాజమాన్యాలు ఈ ఒక్క పని చేయాలి. జూన్‌లో తల్లిదండ్రులతో నింపించే ఆరోగ్య పత్రంలో ఆయాసం, మూర్ఛ, మందుల ఎలర్జీ అడుగుతారు. పచ్చి పళ్ళు, కూరగాయల గురించి కూడా ఒక గడి పెట్టండి. డబ్బా ఖాళీ చేయమని ఏ పిల్లనూ బలవంతపెట్టకండి. ఉడికించిన ఆపిల్ ముక్కలో, ఆవిరి పట్టిన నేంద్రపు అరటో తెచ్చుకుంటే పండు కాదనకండి. పడని తిండి తిన్న వెంటనే పరుగెత్తితే మామూలు దురద ముదిరి ప్రమాదంగా మారవచ్చని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. పళ్ళ బ్రేకూ ఆటల పీరియడూ పక్కపక్కనే ఉన్న టైంటేబుల్‌ను ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట, ఇది ప్రాణం మీది మాట. నోటి దురదతో ఆగితే భయపడక్కర్లేదు. గొంతు బొంగురుపోతున్నా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్ళంతా దద్దుర్లతో పాటు వాంతులవుతున్నా, కళ్ళు తిరిగి కూలబడినా సిట్రిజిన్ మింగించి చూద్దాం అనుకోకూడదు. అప్పుడు పనిచేసే మందు అడ్రినలిన్, తొడ బయటి వైపు కండలోకి వేయాలి. పాశ్చాత్య దేశాల్లో ఎలర్జీ ఉన్నవాళ్ళు జేబులో పెట్టుకు తిరిగే పెన్ను లాంటి ఇంజెక్షన్ మన దగ్గర మందుల షాపుల్లో అంత తేలిగ్గా దొరకదు. చిన్న గాజు సీసాలో వచ్చే అడ్రినలిన్ ఆంపూల్ మాత్రం కొత్త మందూ కాదు, ఖరీదైనదీ కాదు. బడి నర్సుకు అది చేతిలో ఉండాలి, వాడటం వచ్చి ఉండాలి. 108కి ఫోను వెంటనే వెళ్ళాలి. మా పాపకు అంతదాకా రాలేదు. రానిది మా జాగ్రత్త వల్ల కాదు.

ప్రభుత్వం వైపు చూస్తే, ఆహార భద్రతా సంస్థ ప్యాకెట్ల మీద తప్పక ప్రకటించమన్న ఎలర్జీ జాబితాలో గోధుమ లాంటి గ్లూటెన్ ధాన్యాలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, వేరుశనగ, జీడిపప్పు లాంటివి, సోయా, సల్ఫైట్లు ఉన్నాయి. పండు ఒక్కటీ లేదు. జపాన్‌లో ఆపిల్, అరటి, కివీ, పీచ్ పేర్లు కూడా చెప్పమని సిఫారసు చేసిన జాబితాలో పెట్టారు. ఐరోపా సెలెరీ అనే ఆకుకూరను తప్పనిసరి చేసింది. మన దగ్గర మిక్స్‌డ్ జ్యూసులో ఏమేం పోశారో బోర్డు మీద రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

వయ్యారిభామ సంగతి నగరపాలక సంస్థకే చెప్పాలి. కన్నడంలో కాంగ్రెస్ గడ్డి అంటారు. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1984లోనే ఈ బెంగళూరు నేల మీద వదిలారు. అయినా మా వీధి చివరి ఖాళీ స్థలంలో ప్రతి వానాకాలం నడుమెత్తు పెరిగి తెల్లగా పూస్తుంది. పూశాక కోస్తే గాలిలోకి పుప్పొడి లేచిపోయాక కోసినట్టే. పూతకు ముందే, చేతులకు తొడుగులిచ్చి పీకించండి. ఉత్త చేతులతో పీకే కూలీల చర్మం ఏమవుతుందో వాళ్ళ మోచేతులు చూస్తే తెలుస్తుంది.

తోటి తల్లిదండ్రులకొక విన్నపం. ఇది చదివి పళ్ళన్నీ మాన్పించకండి. మా పాప మామిడి, దానిమ్మ, సపోటా హాయిగా తింటోంది. రెండొందల పదార్థాలకు ఒకే రక్తపరీక్ష అని వచ్చే ఐజీజీ ప్యాకేజీలకు డబ్బు పోయకండి. ఎలర్జీ నిర్ధారణకు అవి పనికిరావని వైద్య సంఘాలే చెబుతున్నాయి.

ఈ విషయం మాట్లాడటానికి బడికి వెళ్తే, నాతో వచ్చినావిడను ఇంకొకరు "కందకు లేని దురద కత్తిపీటకెందుకు" అన్నారు. ఆవిడ కొడుక్కి ఏ ఎలర్జీ లేదు. అయినా సెలవు పెట్టుకుని వచ్చింది, రెండు గంటలు నా పక్కనే కూర్చుంది. గడి సంగతి ఇంకా తేలలేదు గానీ, డబ్బా ఖాళీ చేయాలన్న నియమం మాత్రం మా తరగతిలో ఎత్తేశారు. మిగతా తరగతుల కోసం వచ్చే సోమవారం మళ్ళీ వెళ్తున్నాం.

భవదీయురాలు,
నాలుగో తరగతి పాప తల్లి,
బానసవాడి, బెంగళూరు