ఆదివారం పోకర్: డీలింగ్, టైమ్ గురించి

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం భవానీ నగర్‌లోనే ఆట. ఎప్పట్లాగే చిప్స్ వరకే, డబ్బుల ఊసు వద్దు.

పెద్ద పాట్ (మధ్యలో పోగైన చిప్స్) అయితే కాసేపు ఆలోచించుకోనివ్వండి. మరీ సాగదీస్తే ఎవరైనా 'క్లాక్' (టైమ్ లెక్కపెట్టండి) అనొచ్చు. అప్పట్నుంచి 25 సెకన్లు, ఆపైన డీలర్ పైకి లెక్కపెట్టే 5. టోర్నమెంట్లలో వాడే టీడీఏ (పోకర్ టోర్నమెంట్ నిర్వాహకుల సంఘం) రూల్ కూడా ఇదే. టైమ్ అయిపోయేసరికి ఎదుట బెట్ ఉంటే ఫోల్డ్ (ముక్కలు వదిలేసినట్టు), లేకుంటే చెక్ (బెట్ లేకుండా ఆటలో ఉన్నట్టు). ఊరికే ప్రతి చేతికీ క్లాక్ అనడం మాత్రం మానుకోండి అప్పా, అది విసిగించడమే.

డీల్ చేసేవాళ్ళు ముక్కల్ని టేబుల్‌కి ఆనించి జార్చండి. ఎత్తి పంచితే పక్కవాళ్ళకి ముక్క కనబడిపోతుంది. పేక అడుగున కట్ కార్డు (అడుగు ముక్క కనబడకుండా పెట్టే కార్డు) తప్పనిసరి.

ఎక్కువ గొడవయ్యేది తొందరపడి టర్న్ (టేబుల్ మీద తెరిచే నాలుగో ముక్క) తిప్పేసినప్పుడు. ఫ్లాప్ (మొదట తెరిచే మూడు ముక్కలు) మీద బెట్టింగ్ పూర్తి కాకుండా టర్న్ తిప్పితే ఆ ముక్క పక్కన పెట్టండి. బెట్టింగ్ ముగిశాక ఒకటి బర్న్ చేసి (తెరవకుండా పక్కకి తీసేసి), తర్వాతి ముక్కని టర్న్‌గా వేయండి. ఆ రౌండ్ అయ్యాక పక్కన పెట్టినదాన్ని మిగిలిన పేకలో కలిపి, కట్ చేసి, ఈసారి బర్న్ లేకుండా రివర్ (ఐదో ముక్క) వేయాలి. బర్న్ ముక్కలూ, ఫోల్డ్ చేసినవీ అందులో కలపకూడదు.

మాట చెప్పకుండా బెట్‌కి ఒకే పెద్ద చిప్ వేస్తే అది కాల్ (ఆ బెట్‌కి సమానంగా వేయడం) మాత్రమే. 'రైజ్ (బెట్ పెంచడం) అనుకున్నా' అంటే డీలర్ ఒప్పుకోనక్కర్లేదు. పాట్ ఇచ్చేదాకా గెలిచిన చేతిని పేకలో కలపొద్దు.