ఒక్క కాంటానే కాదు, టేపు గూడ పట్టున్రి

ఎడిటర్ గారికి నమస్తే,

మొన్న మీ పేపర్ల ఆరోగ్యం పేజీల ఎత్తుకు తగ్గ బరువు టేబుల్ వేసిన్రు, బీఎంఐ (కిలోల బరువును మీటర్ల ఎత్తుతోని రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె) 25 దాటితే జాగ్రత్త అని రాసిన్రు. అది చూసినకాన్నుంచి హన్మకొండల మా టైలర్ షాపుకొచ్చేటోళ్లు 'నాది 24 ఉంది, ఇగ నాకేం ఫికర్ లేదు' అంటున్రు, గందుకే రాస్తున్న. మా బిడ్డ నర్సింగ్ చదువుతది, ఈ లెక్కలన్ని ఆమెను కూసోబెట్టుకోని అడిగి తెలుసుకున్నయే.

ప్యాంట్ కుట్టినప్పుడు వెనక కుట్టు కాడ కొంచెం బట్ట ఎక్కువ వదులుతం, రెండేండ్లు తిరగకముందే చాలామంది దాన్ని విప్పిచ్చుకోను వస్తరు. టేపు పెడితే భుజం అంతే, చెయ్యి అంతే, తొడ ఇంకింత సన్నబడ్డట్టే ఉంటది, కడుపు ఒక్కటే ముందుకొస్తది. కాంటా ఎక్కితే రెండు మూడు కిలోల తేడా గూడ రాదు. మా గల్లీల ఒక ఆటో అన్న, 62 కిలోలు, ఐదున్నర అడుగుల మనిషి, ఒక క్యాంపుల బరువు జోకి నువ్వు కరెక్టుగున్నవ్ పో అన్నరట, షుగర్ చూడనేలేదు. తర్వాత కాలి పుండు మానకపోతే చూపిచ్చుకుంటే అప్పుడు బయటపడ్డది షుగర్.

పుణె డాక్టర్ యాజ్ఞిక్ గారు, ఇంగ్లండు డాక్టర్ యుడ్కిన్ గారు ఇద్దరు కలిసి 2004ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల వాళ్ల ఫొటోనే వేసుకున్నరు, ఇద్దరికీ బీఎంఐ 22.3, కానీ ఒంట్ల కొవ్వు యుడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. అదే ఏడు ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియావోళ్లకు 23 కాన్నుంచే ముప్పు పెరుగుతదని చెప్పిన్రు. మరి మనకు ఇంకా 25 టేబులే ఎందుకు?

ఆ 25 ఉత్తదని నేను అంటలేను. 2016ల 4 ఖండాల 239 స్టడీలు, కోటి 6 లక్షల మంది లెక్కలు ఒక్కకాడ కలిపి చూసిన్రు. అందుల సిగరెట్ తాగినోళ్లను, ముందే జబ్బున్నోళ్లను, మొదటి 5 ఏండ్లల్ల చనిపోయినోళ్లను పక్కకు పెట్టిన్రు, ఎందుకంటే రోగమొచ్చి చిక్కిపోయినోళ్లను గూడ కలుపుకుంటే లెక్క తప్పుతది. మిగిలిన దాదాపు 40 లక్షల మందిల 20 నుంచి 25 మధ్యల ఉన్నోళ్లకే సావు ముప్పు తక్కువ, 25 దాటినంక ప్రతి 5 పాయింట్లకు దాదాపు 30 శాతం పెరిగింది. 20 కిందికి పోయినా పెరిగింది, ఈ ముచ్చట మీ పేజీల ఒక్క ముక్క లేదు.

నాకు ఎక్కువ బాధ గిక్కడనే. 2011ల 11 లక్షల మంది ఆసియావోళ్ల మీద వచ్చిన స్టడీల మన దేశం, బంగ్లాదేశ్ వాళ్లల్ల మరీ బక్కగున్నోళ్లకే సావు ముప్పు బాగ ఎక్కువ కనబడ్డది, లావున్నోళ్లకు ముప్పు పెరిగినట్టు కనబడలే. లావు మంచిదని కాదు, మన దిక్కు ఒంటి మీద కండ లేనోనికి చేతుల పైసలు గూడ ఉండయి, దవాఖానకు ఆలస్యంగ పోతడు. ఎనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాలు మోసే హమాలీలను చూడున్రి, దగ్గుకుంట గూడ మోస్తరు, వాళ్లల్ల బక్కోనికి టీబీ వస్తే తట్టుకోవుడు కష్టం. మన తెలంగాణల ఆడోళ్లల్ల వందల 30 మంది ఎక్కువ బరువుంటే దాదాపు 19 మంది ఉండాల్సినదానికంటే తక్కువున్నరని 2019 కేంద్ర సర్వేనే చెప్పింది. ఆ 19 మంది గురించి ఎవలు రాస్తరు?

మీరు మళ్ల టేబుల్ వేసినప్పుడు బీఎంఐ 18.5 కిందున్నోళ్లు గూడ చూపిచ్చుకోవాల్నని రాయున్రి, పక్కన నడుము కొలత వేయున్రి: మొగోళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 80 దాటొద్దని. ప్యాంట్ సైజు 34 ఉందని ధైర్యపడొద్దు, చాలామంది బొజ్జ కిందికి కట్టుకుంటరు, అది నడుము కాదు. చివరి పక్కటెముకకు తుంటి బొక్కకు నడుమ, శ్వాస ఇడిసినంక, టేపు బిగియ్యకుంట పట్టాలె. క్యాంపులు పెట్టేటోళ్లు కాంటాతోపాటు టేపు గూడ తెచ్చుకుంటే చాలు, దాని ఖర్చు పది ఇరవై రూపాయలు.

ఇట్లు,
ఒక టైలర్, హన్మకొండ